బెణుకు

నాలుగో అంతస్తు నుంచి దిగుతున్న,
కండ్లు ఇంకా మీటరు అంకెల మీదనే ఉన్నయి.
మెట్లు అయిపోయినయనుకున్న.
ఇంకొకటి ఉన్నది.

చీలమండల
తడిబట్ట పిండినట్టు ఒక మెలిక.
బిల్లుల మిషన్ మాత్రం చేతులనే ఉన్నది.
అది పగిలితే జీతంల కోత.
కాలుకైతే ఎవరూ కొయ్యరు.

కుంటుకుంట రామ్‌నగర్ చేపల మార్కెట్ దాక వచ్చి
అండాలమ్మ బండ పక్కన కూలబడ్డ.
పోయిన నెల ఇదే అండాలమ్మ
"మూడు బల్బులు, ఒక ఫ్యాను, పన్నెండు వందలా" అని
మీటరును, నన్ను, నన్ను కన్నోళ్లను
ఒక్క గుక్కల తిట్టింది.

ఇప్పుడు కాలును చూసింది,
బొచ్చెచేప మెత్తబడ్డదో లేదో చూసినట్టు
బొటనవేలితో ఒత్తి.
"కాలు ఆనిస్తున్నవు గద, ఎముక కాదు బిడ్డా.
రేపటికి ఆనకుంటే మాత్రం దవాఖానకు పో, ఫోటో తీస్తరు."

థర్మాకోల్ డబ్బాల రవ్వును పక్కకు జరిపి
దోసెడు ఐసు తీసింది.
అట్లనే కాలు మీద పెట్టుకోబోతే
చెయ్యి మీద ఒక్కటేసింది.
"బట్ట లేకుంట పెడతవా? ఐసు గూడ కాలుస్తది."
ముప్పై ఏండ్లు ఐసుల వేళ్లు ముంచిన మనిషి,
కొసలు తెల్లగ, మొద్దుగ.
నమ్మిన.

నా దస్తీల మూటగట్టి
బోర్లించిన గంప మీద కాలు ఎత్తి పెట్టించింది.
ముందు కొరికింది.
తర్వాత మండింది.
తర్వాత, ఆ కాలు ఇంకెవరిదో అన్నట్టు, ఊకున్నది.
చచ్చిన చేపను చెడిపోనియ్యని చల్లదనం
బతికున్న కాలును ఉబ్బనిస్తలేదు.
నీసు వాసన నీళ్లు
చుక్కచుక్క చెప్పులకు, చెప్పుల నుంచి మోరీలకు.

ఇరవై నిమిషాలకు మూట గుంజుకున్నది.
"చాలు. మళ్ల రెండు గంటలకు పెట్టు. ఇంట్ల ఫ్రిజ్ ఉందా?"
ఉన్నదన్న.
ఈ బస్తీల ఏ ఇంటి ఫ్రిజ్ ఎంత కరెంటు తాగుతదో
చూడకుంట చెప్తా.
నా ఇంట్ల మాత్రం కుండ.

మందుల షాపుల ఇద్రీస్
గోళీలు కత్తిరించబోయి ఆగిండు.
"తిన్నవా అక్కా?"

ఈ పట్నంల అందరు అడిగే మాటే.
జవాబు కోసం ఎవరూ నిలబడరు,
నిలబడ్డా "తిన్న" అనే అంటా.
ఇతను నిలబడ్డడు, కత్తెర గాలిలనే ఉన్నది.
"పొద్దున చాయ్..."
"చాయ్ తిండి కాదక్కా.
ఖాళీ కడుపుల ఇది పడితే
కాలు ఊకుంటది, కడుపు లేస్తది.
అల్సర్ ఉందా? కిడ్నీ తకలీఫ్? బీపీ గోళీలు?"
ప్రతిదానికి తల అడ్డంగ ఊపుకుంట
నాకు లేనియి ఇన్ని ఉన్నయా అనుకున్న.

గల్లా కింద నుంచి తన టిఫిన్ డబ్బా తీసిండు.
ఒక రొట్టె, ఇంత బెండకాయ కూర.
"ముందు ఇది. తర్వాత గోళీ. ఇవాళ మెట్లు బంద్."
పదకొండు ఇండ్లు మిగిలినయని చెప్పలే.
నోట్ల రొట్టె ఉండె.

పొద్దుమూకినంక దస్తీ ఇయ్యనీకి
అండాలమ్మనే ఎదురొచ్చింది.
దాంట్ల మళ్ల కొత్త ఐసు.
"ఇంట్ల ఫ్రిజ్ ఉందన్నవు గని
నీ మొఖం లేదన్నది. తీస్కో.
బజారు ఐసు కాదు, మురికి ఉండదు,
మా పాత డీప్ ఫ్రీజర్‌లది..."

అని, నాలుక కరుచుకున్నది.

ఇద్దరం కాసేపు మోరీ దిక్కు చూసినం.

మూడు బల్బులు. ఒక ఫ్యాను.
పన్నెండు వందలల్ల ఒక దోసెడు
నా కాలు మీద కరిగింది.

వచ్చే నెల మీటరు ఎంత చూపితే అంతే కొడతా.
ఆమె తిడతది, గల్లీ అంత వినపడేటట్టు.
తిట్టనీ.
ఆమె గడప దిగేటప్పుడు
మెట్లు లెక్కపెట్టుకుంట దిగుతా.